గ్రామసభ చూడని సారు గ్రామసభ పాఠం ఎట్ల చెప్తడు?

2019 జనవరిలో మన దగ్గర పంచాయతీ ఎన్నికలు మూడు విడతలుగా జరిగినయి. తెలంగాణ వచ్చినంక ఇవే మొదటివి. చాలా ఊర్లల్ల సర్పంచి పదవిని వేలం పాట పెట్టిండ్రు. గుడి కట్టిస్తనని ఒకరు, బొడ్రాయి పండుగ చేయిస్తనని ఒకరు, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకే కుర్చీ. దానికి ‘ఏకగ్రీవం’ అని ముద్దుపేరు. పైగా ఏకగ్రీవమైన ఊర్లకు సర్కారు నజరానా.

ఈ ఎన్నికలు నడిపింది ఎవరు? మన బడి సార్లు, మేడాలే. పెట్టెలు మోసిండ్రు, ఓట్లు లెక్కబెట్టిండ్రు, రాత్రి ఎప్పుడో ఇండ్లకు చేరిండ్రు. తెల్లారి బడికి పోయి ‘గ్రామసభలో సభ్యులెవరు?’ అనే ప్రశ్నకు రెండు వాక్యాల జవాబు రాయించిండ్రు. పక్క వీధిల పదవి అమ్ముడుపోయింది, బడిల మాత్రం పరీక్షకు వచ్చే జవాబే. ఈ రెంటికీ ముడి పెట్టమని ఆ సారుకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలే. నా కోపం ఆ సారు మీద కాదు, ఆయనకు శిక్షణ ఇచ్చేటోళ్ల మీద.

మన ఉద్యమమే ఒక పెద్ద పౌరశాస్త్రం పాఠమని మరిచిపోయినట్టున్నరు. 1952లో వరంగల్లు పిల్లలు రోడ్డెక్కింది టీచర్ నౌకర్లల్ల నాన్ ముల్కీల నియామకాల మీదనే. జయశంకర్ సార్ అప్పుడు విద్యార్థి. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 371డి, 1985లో వచ్చిన 610 జీవో, రాజ్యాంగంల మూడో అధికరణం. ఇవన్నీ చాయ్ హోటల్ల, ఆటో అడ్డా మీద మాట్లాడుకున్న ముచ్చట్లు. ఏ జీవో ఎక్కడ తుంగల తొక్కిండ్రో బడి మొఖం చూడని ముసలవ్వ సుత చెప్పేది. ఆమెకు ఎవరు చెప్పిండ్రు? ధూంధాంల పాటగాళ్లు చెప్పిండ్రు, జేఏసీ సభలల్ల సార్లు చెప్పిండ్రు. ఆ జేఏసీకి ఛైర్మనే ఉస్మానియాల రాజనీతిశాస్త్రం చెప్పే కోదండరాం సార్. 2011 సకల జనుల సమ్మెల టీచర్లు బడులు బందుపెట్టి మనతోని నడిచిండ్రు.

రాష్ట్రం వచ్చినంక ఆ చదువు ఏమైంది? పదో తరగతి సాంఘికశాస్త్రంల తెలంగాణ ఉద్యమం పాఠం పెట్టిండ్రు. సంతోషమే, దాని కోసం ఎంతో మంది కష్టపడ్డరు. కాని ఆ పాఠాన్ని సుత పిల్లలు తేదీలు బట్టీ కొట్టి, నాలుగు మార్కులకు రాసి మరిచిపోతున్నరు. హక్కు కోసం కొట్లాడిన కథను హక్కు ఎట్ల అడగాల్నో చెప్పకుండ చదివిస్తే అది నిజాం వంశావళి లెక్కనే ఉంటది.

ఇగ శిక్షణ సంగతి. పైన రాష్ట్ర స్థాయిల కొంతమందికి చెప్తరు, వాళ్లు జిల్లాల చెప్తరు, జిల్లావాళ్లు మండలంల చెప్తరు. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లొచ్చినట్టే, మారుమూల బడి సారు దాకా వచ్చేసరికి మిగిలేది ఒక సంతకం, ఒక భోజనం ప్యాకెట్. ఏడాది పొడుగూత ఊపిరి పోయాల్సిన డైట్ కాలేజీలల్ల లెక్చరర్ పోస్టులు ఏండ్ల తరబడి ఖాళీ. హైదరాబాద్‌ల ఒక సంస్థ సర్పంచులకు తర్ఫీదు ఇస్తది, ఇంకో సంస్థ టీచర్లకు ఇస్తది. ఒకే ఊరికి పోయి పనిచేసే ఈ ఇద్దరిని ఒక గదిల కూసోబెట్టాలని ఎవరికీ తోచలే.

కొత్త పంచాయతీరాజ్ చట్టం 2018ల వచ్చింది. రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలె. సర్పంచికి, ఉపసర్పంచికి కలిపి చెక్కు మీద సంతకం. సాంఘికశాస్త్రం సార్లల్ల ఎంతమంది ఈ చట్టాన్ని చేతిల పట్టుకొని చూసిండ్రు? సమాచార హక్కు కింద పంచాయతీ ఆఫీసుల దరఖాస్తు పెడితే ఫీజు లేదు, మండల ఆఫీసుల అయిదు రూపాయలే. తొమ్మిదో తరగతి పిల్ల తన తండ్రి కోసం ఆ దరఖాస్తు రాయగలదు. ముందు సారు ఒకటి రాసి ఉంటే.

ఇది అయ్యే పనేనా అని అడిగేటోళ్లకు నా జవాబు మన ఉపాధి హామీ సామాజిక తనిఖీ. ఉమ్మడి రాష్ట్రంల మొదలై, రాష్ట్రం వచ్చినంక సుత మన దగ్గర నడిచింది. కూలోళ్ల ఇండ్లల్ల పుట్టిన పిలగాండ్లకు కొన్ని రోజులు తర్ఫీదు ఇస్తే, మస్టర్ రోల్ పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, ఎవరి పేరు మీద ఎవరు పైసలు తిన్నరో మండలంల అందరి ముందు చదివి వినిపించిండ్రు. ఇంటరు చదివిన పిలగానికి వచ్చింది బీఈడీ చదివిన సారుకు రాదా? వస్తది. నేర్పాలన్న ఇష్టమే లేదు.

టీచర్లకు ఇవన్నీ చెప్తే బడిల రాజకీయాలు జొరబడుతయని కొందరు పెద్దమనుషులు భయపడుతున్నరు. మంచి మాట. మరి శాసనమండలికి టీచర్లు ప్రత్యేకంగ ఓటేసి సభ్యులను పంపిస్తరు గదా, అది రాజకీయం కాదా? ఊరి బడ్జెట్ చదవడం పార్టీ ప్రచారం కాదు. పోయినేడు ఊరికి వచ్చిన పైసలెన్ని, మోరీకి పెట్టిందెంత అని పిల్లలు లెక్క తీస్తే గులాబీ జెండాకైనా, మూడు రంగుల జెండాకైనా ఒకే తీరుగ చెమటలు పడుతయి. అసలు భయం ఆ చెమటలది.

ఇగ మన దిక్కు వద్దం. అమెరికాల మన సంఘాలు ఏటా ఊరి బడులకు ఏదో ఒకటి ఇస్తున్నయి. ప్రొజెక్టర్లు, కంప్యూటర్లు, నీళ్ల ప్లాంట్లు, బతుకమ్మ నాడు స్టేజీ మీద చెక్కు. వస్తువుకు ఫొటో ఉంటది, శిక్షణకు ఫొటో ఉండదు. అందుకే దానికి పైసా రాదు. (ప్రొజెక్టర్లల్ల ఎన్నిటికి కరెంటున్నదో అడిగితే సంఘం మీటింగుల మౌనం పాటిస్తరు.)

నేను కోరుతున్నది ఒక మండలం. ఆ మండలంల ఉన్న సాంఘికశాస్త్రం సార్లు, మేడాలందరికి ఎండకాలం సెలవులల్ల పది రోజులు. తరగతి గదిల రెండు రోజులు చాలు, తక్కినయి పంచాయతీ ఆఫీసుల, రేషన్ దుకాణంల, ఒక నిజమైన గ్రామసభల. నేర్పేటోళ్లు సామాజిక తనిఖీ చేసిన పిలగాండ్లు, ఉద్యమంల తిరిగి రిటైరైన సార్లు. విద్యాశాఖ అనుమతి లేకుంటే కాదు కాబట్టి ముందు ఆ ఉత్తరం రాయాలె. జూన్ల బడులు తెరుస్తరు. వచ్చే నెల మా సంఘం బోర్డు మీటింగుల ఈసారి ప్రొజెక్టర్ల పద్దు దీనికి మళ్లించాలని తీర్మానం పెడుతున్న. బలపరిచేటోళ్లు ఆ రోజు మీటింగుకు రాండ్రి, వద్దనేటోళ్లు సుత వచ్చి ఎందుకు వద్దో నా మొఖం మీదనే చెప్పుండ్రి.