పిల్లికి టీకా వేసి "ఏం కాదండీ" అనే డాక్టర్లకి

"ఏం కాదండీ, తీసుకెళ్ళండి." పిల్లుల్ని పెంచే నా స్నేహితుల్లో ఎవర్నడిగినా, టీకా వేశాక డాక్టరు చెప్పింది ఇదొక్క ముక్కే. ఏం కాకపోవడమేంటి, అవుతుంది! సూది పడ్డాక ఒకట్రెండు రోజులు పిల్లి మందకొడిగా ఉంటుంది, ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది, తిండి తగ్గిస్తుంది, సూది వేసిన చోట ముట్టుకుంటే కసురుతుంది. పైగా ఒంట్లో బాగోకపోతే పిల్లి మనకి చెప్పుకోదు, పోయి మంచం కింద దూరుతుంది. అలిగిందనుకుంటాం మనం :)

మేం చిన్న ప్యాచ్ రిలీజ్ చేసినా, దీంతో వచ్చే ఇబ్బందులివీ అని ముందే రాసిస్తాం. ప్రాణమున్న జీవికి సూది వేసేవాళ్ళు రెండు నిమిషాలు మాట్లాడలేరా?

చెప్పకపోతే ఏమవుతుందో మా ఆఫీసులోనే చూశాను. మొదటి డోసు తర్వాత పిల్లికూన రోజంతా ఏమీ తినలేదని, "ఈ టీకాలన్నీ విషం" అని తేల్చేసి ఒకాయన రెండోది ఎగ్గొట్టాడు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కూనల్లో టీకాని పనిచెయ్యనివ్వకపోవచ్చు. అందుకే 16 వారాలు నిండేదాకా కొన్ని వారాలకోసారి మళ్ళీ వేస్తారు. మధ్యలో మానేస్తే మొదటిది దండగైనా అవ్వచ్చు. ఇంట్లో పిల్లికెందుకంటారా? పాన్‌ల్యుకోపీనియా వైరస్ మన చెప్పులకంటుకుని కూడా ఇంట్లోకొస్తుంది. అది సోకిన కూనలు బతకడం కష్టం. ఇక రేబిస్ ఉన్న దేశం మనది, దాని గురించి వేరే చెప్పాలా?

నిజంగా భయపడాల్సినవీ ఉన్నాయి, అవీ చెప్పరు. సూది పడిన కొద్ది గంటల్లో మొహం వాచినా, ఆగకుండా వాంతులైనా, ఊపిరాడకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే పరిగెత్తాలి. ఇది అరుదు. ఇంకా అరుదైనది, సూది వేసిన చోట వచ్చే కేన్సర్ గడ్డ. 1991లో అమెరికాలో దీన్ని గుర్తించాక, అక్కడ భుజాల మధ్య కాకుండా కాలి కింది భాగంలో వెయ్యమంటున్నారు, గడ్డొస్తే కాలు తీసేసైనా పిల్లిని బతికించొచ్చని. వాపు మూడు నెలలైనా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా, ఏ ఒక్కటి కనిపించినా ముక్క తీయించి పరీక్ష చేయించాలి.

డబ్బులు మీవి, పిల్లి మీది. ఏ టీకా, ఏ బ్యాచ్, ఒంట్లో ఎక్కడ వేశారు, ఈ మూడూ పుస్తకంలో రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. విసుక్కుంటే విసుక్కోనీండి.