రిజెక్ట్ అన్నాక కూడా ఒక తలుపు ఉంది. అది అందరికీ ఉండాలి

మా పెదనాన్న పోడు పట్టా కోసం పెట్టుకున్న దరఖాస్తు ఏమైందో మాకు చాలాకాలం తెలియలేదు. డుంబ్రిగుడ వచ్చినప్పుడల్లా ఆఫీసుకి వెళ్ళి అడిగేవాడు. ఒకరోజు ఎవరో రిజిస్టర్ చూసి "నీది రిజెక్ట్ అయింది" అన్నారట. కాగితం ఇవ్వలేదు. ఎందుకో చెప్పలేదు. ఇంటికొచ్చి "మనది అయిపోనాదిరా" అని అరుగు మీద కూర్చుండిపోయాడు. తన తండ్రి చేతి మీద దున్నిన మెట్ట, పసుపు, రాజ్మా వేసుకునే మెట్ట, ఒక్క మాటతో పరాయిదైపోయింది.

అయిపోలేదని చెప్పేవాళ్ళు అప్పుడు మా ఊళ్ళో లేరు. అందుకే ఇది రాస్తున్నా.

2006 అటవీ హక్కుల చట్టంలో తిరస్కరణ అంటే చివరి మాట కాదు. గ్రామసభ కాదంటే 60 రోజుల్లోపు సబ్ డివిజన్ స్థాయి కమిటీకి వెళ్ళొచ్చు. వాళ్ళూ కాదంటే మళ్ళీ 60 రోజుల్లోపు జిల్లా స్థాయి కమిటీకి. అక్కడా కాకపోతే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. మన మాట వినకుండా ఆ అప్పీలు కొట్టేయడానికి కూడా వీల్లేదు. 2012లో సవరించిన రూల్స్ ఇంకా స్పష్టంగా చెబుతున్నాయి: తిరస్కరణ ఉత్తర్వు మనిషికి నేరుగా అందించాలి, కారణాలు రాసి ఉండాలి. శాటిలైట్ ఫొటోలో చెట్లు కనబడ్డాయని మన సాక్ష్యాలు పక్కన పెట్టడానికి లేదు. అది అదనపు ఆధారమే. ఊరి పెద్దల వాంగ్మూలం, పాత సమాధులు, బావులు, దేవతల చోట్లు, ఇవన్నీ చట్టం ఒప్పుకునే సాక్ష్యాలే. అన్నిటికంటే ముఖ్యమైనది సెక్షన్ 4(5). హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ భూమి నుంచి తొలగించకూడదు.

కాగితం చేతికి ఇవ్వకపోతే ఏమవుతుంది? 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు అయిపోయాయో మనకి తెలియదు. తలుపు ఉంటుంది, ఎక్కడుందో మాత్రం చెప్పరు.

ఇది ఒక్క మా పెదనాన్న సంగతి కాదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరణకు గురైన వాళ్ళని జూలై 24 లోపు ఖాళీ చేయించాలన్న ఆదేశం ఇచ్చింది. దేశంలో పది లక్షలకు పైగా కుటుంబాల మీద దెబ్బ పడుతుందని అప్పట్లో పేపర్లు రాశాయి. ఊళ్ళల్లో, పట్నాల్లో ఆదివాసీలు రోడ్డెక్కారు. ఫిబ్రవరి 28న అదే కోర్టు ఆ ఆదేశాన్ని ఆపింది. ఆపేటప్పుడు రాష్ట్రాలని అడిగిన ప్రశ్న ఏటంటే, అసలు ఈ తిరస్కరణలు ఏ పద్ధతిలో చేశారు? వాళ్ళ మాట విన్నారా? కారణాలతో ఉత్తర్వు ఇచ్చారా?

ముందు అడగాల్సిన ప్రశ్న అది. దాన్ని అడిగించడానికి జనం రోడ్డెక్కాల్సి వచ్చింది.

కోర్టుల మీద గుడ్డి నమ్మకం పెట్టుకోమని నేను అనడం లేదు. మన పక్కనే అనంతగిరి మండలం నిమ్మలపాడు కథ తెలిసిందే కదా. గిరిజన భూముల్లో గనుల లీజులు చెల్లవని సమత సంస్థ వేసిన కేసుని 1995లో హైకోర్టు కొట్టేసింది. అక్కడితో "అయిపోనాది" అనుకుని ఉంటే ఆ కొండలు ఈరోజు గుంతలై ఉండేవి. సుప్రీంకోర్టుకి అప్పీలు వెళ్ళారు. 1997 జూలై 11న ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు మనవైపు తీర్పు రాశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదన్నారు. దేశమంతా సమత తీర్పు అని చెప్పుకునేది ఒక ఓడిపోయిన కేసు మీద వేసిన అప్పీలు.

ఇంతవరకూ మీరంతా ఔనంటారు. ఇప్పుడు కొంచెం కష్టమైన మాట.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు తగలబడితే, వేలమంది ఆదివాసీలు అడవి దాటి ఖమ్మం, చింతూరు వైపు వచ్చేశారు. మనవాళ్ళు గుత్తికోయలు అంటారు. సల్వాజుడుం చట్టవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టే చెప్పింది. కానీ దాని వల్ల పారిపోయి వచ్చిన వాళ్ళకి ఇక్కడ ఏముంది? అక్కడ ఎస్టీలైనా ఇక్కడ సర్టిఫికెట్ దొరకడం కష్టం. అటవీ హక్కుల చట్టానికి కటాఫ్ తేదీ 2005 డిసెంబర్ 13. పైగా ఆ ప్రాంతంలో ఎస్టీగా గుర్తింపు ఉండాలి. పట్టా అడిగే దారే వాళ్ళకి మూసుకుపోయింది. గుడిసెలు పీకేస్తే "మీ ఊరికి పొండి" అంటారు.

2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ హత్య జరిగింది. అది ఘోరం, అందులో రెండో మాట లేదు. నేరం చేసిన వాళ్ళని కోర్టు చూసుకుంటుంది. కానీ కొద్దిరోజులకే అక్కడి బెండాలపాడు పంచాయతీ, గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్ పంపించేయాలని తీర్మానం చేసింది. పసిపిల్లలతో సహా. వాళ్ళు ఈ దేశ పౌరులు. ఎవరినీ విచారించలేదు, ఎవరి జవాబూ తీసుకోలేదు. అప్పుడు మన గ్రూపుల్లో కూడా కొందరు తమ్ముళ్ళు "కరెక్టే, అడవి నరికేస్తున్నారు" అని పెట్టారు.

అడవి గురించి, మన భూమి మీద ఒత్తిడి గురించి భయం నిజమే. దాన్ని కొట్టిపారేయను. గిరిజనుల ప్రయోజనం కోసం బయటివాళ్ళ నివాసం మీద చట్టం ద్వారా పరిమితులు పెట్టొచ్చని రాజ్యాంగంలోనే ఉంది. కానీ చట్టం ద్వారా. ఒకరు చేసిన నేరానికి ఊరంతటినీ లారీ ఎక్కించడం చట్టం కాదు. అందరికీ పట్టాలు ఇచ్చేయమని నేను చెప్పడం లేదు. పంపించే ముందు వినాలి, కాదంటే కారణం రాయాలి, అప్పీలు తేలేదాకా ఆగాలి. మన కోసం అడిగేది ఇదే కదా.

ఇలాంటిదే అరుణాచల్‌లో జరిగింది. కప్తాయ్ డ్యామ్ కింద ఊళ్ళు మునిగిపోయి 1964 నుంచి అక్కడికి వచ్చిన చక్మాలని, ఖాళీ చేసి పొమ్మని నోటీసులిచ్చింది అక్కడి విద్యార్థి సంఘం. వాళ్ళూ ఆదివాసీ బిడ్డలే, వాళ్ళదీ భూమి భయమే. 1996 జనవరి 9న సుప్రీంకోర్టు ఏమందంటే, పౌరులైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణానికీ రక్షణ ఉంది, చక్మాల పౌరసత్వ దరఖాస్తులు తేలేదాకా వాళ్ళని అక్కడి నుంచి కదల్చకూడదు. మన సెక్షన్ 4(5) చెప్పేది కూడా ఇదే కదా. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో మాత్రం అదే కోర్టు వాళ్ళని విడుదల చేయడానికి ఒప్పుకోలేదు. పద్ధతి పాటించకుండా దేశం దాటించొద్దని మాత్రం అంది. అంత చిన్న రక్షణ కూడా కోర్టు గుమ్మం ఎక్కితేనే దొరికింది.

బయటివాడికి అప్పీలు అక్కర్లేదని మనం ఈరోజు ఒప్పుకుంటే, రేపు మనల్ని "అటవీ ఆక్రమణదారు" అన్నప్పుడు ఏ నోటితో అడుగుతాం? రిజర్వ్ ఫారెస్ట్ గీత గీసిన రోజు నుంచి, తాతల నేల మీద మనమూ వాళ్ళ లెక్కలో బయటివాళ్ళమే.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వారం మీ ఊళ్ళో ఒక పని చేయండి. ఎవరెవరి క్లెయిములు రిజెక్ట్ అయ్యాయో, ఎవరికి కాగితం అందిందో, ఎవరికి అందలేదో ఒక నోటు పుస్తకంలో రాయండి. అందని వాళ్ళ తరఫున కారణాలతో ఉత్తర్వు కావాలని రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. కాగితం అందిన తేదీ గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. పాడేరు ఎంతో దూరం కాదు, అడగండి.

మా పెదనాన్న ఆ కాగితం చూడకుండానే పోయాడు. మెట్ట ఇంకా మేమే దున్నుతున్నాం. ఉత్తర్వు కాపీ కోసం పెట్టిన అర్జీ రసీదు మా ఇంట్లో దూలానికి కట్టి ఉంది.