అరవై రోజుల సెలవు ఎవరి కోసం?

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉండి కూడా మూటలు కట్టుకుని బెంగళూరు బస్సెక్కే జిల్లా రాయచూరు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో దానికి చోటు దక్కింది అందుకే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని తీసేసి ‘వీబీ–జీ రామ్ జీ’ తెచ్చింది. వంద రోజుల పనిని 125 చేశామంటున్నారు. నూరు నిండిన కుటుంబాలే అరుదు, అది వేరే సంగతి. ఆ వెంటే విత్తనాల, కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపాలని రాశారు. ఈ నిబంధనను రద్దు చేయాల్సిందే.

సీజన్లో కూలీలు దొరకడం లేదన్న రైతు గోడు ఉత్తది కాదు. కానీ సింధనూరు, మాన్వి క్యాంపుల్లో వరి కోతకు హార్వెస్టర్లు దిగి చాలాకాలమైంది. నాట్లు ఎకరాల లెక్కన గుత్తకు పోతాయి. గిట్టుబాటైతే ముఠాలు ఉపాధి పని వదిలి వాటికే వెళ్తాయి. కర్ణాటకలో 2025-26 ఉపాధి కూలి రోజుకు 370 రూపాయలు. అంతకన్నా తక్కువకు మనుషులు కావాలనేవారి కోసం చట్టం కాపలా కాయనక్కర్లేదు.

అసలు సీజనంటూ ఉంటే కదా! దేవదుర్గ, లింగసుగూరు మెట్టల్లో వాన మొహం చాటేస్తే ఏరడానికి పత్తే ఉండదు. కాలువ కిందా భరోసా లేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయింది. గేట్ల మార్పిడి కోసమని 2025-26లో రెండో పంటకు నీళ్లు ఆపారు. పొలంలో పని లేనప్పుడు కాగితం మీది సీజన్ చూపి ఉపాధి పనీ ఆపితే కూలీ ఎక్కడికి పోవాలి?

ఇందులో డబ్బు మెలిక కూడా ఉంది. పాత చట్టంలో కూలి సొమ్మంతా కేంద్రానిదే. ఇప్పుడు ఖర్చులో 40 శాతం రాష్ట్రాలది. కేంద్రం గీసిన కేటాయింపు దాటితే ఆ పై భారమంతా రాష్ట్రాలదే. ఖజానా ఖాళీ అయిన సర్కారుకు ఈ అరవై రోజులు వరంలా కనిపిస్తాయి. బెంగళూరుకే కాదు, హైదరాబాదుకూ అంతే; 1956 దాకా రాయచూరు జిల్లాలోనే ఉన్న గద్వాల, అలంపూర్ కూలీలకూ ఈ చట్టమే వర్తిస్తుంది.

కేంద్రం నిబంధన తొలగించేదాకా రాష్ట్రాలు చేతులు కట్టుకు కూర్చోకూడదు. జిల్లా అంతటికీ ఒకే తేదీలు ప్రకటించడం మాని, గ్రామసభ ఒప్పుకున్న రోజుల్లోనే, పంచాయతీవారీగా విరామం ఇవ్వాలి. కరువు ప్రకటించిన తాలూకాలో, కాలువ మూసిన ఆయకట్టులో విరామమే ఉండకూడదు. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే ఇవ్వాల్సిన భృతిని విరామం సాకుతో ఎగ్గొట్టకూడదు.