గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు పది నిమిషాలు ఆగండి

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటే. గాల్లో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, సరిగ్గా రన్‌వే దగ్గరపడే సమయానికి గేమ్ ఆగి ఆగి కదులుతుంది. దీనికి చాలామంది చేసేది రెండు పనులు. ముందు సెట్టింగ్స్ అన్నీ ‘లో’కి దించేస్తారు. అయినా సెట్ కాకపోతే ఈఎంఐ పెట్టి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటారు. నన్నడిగితే ఈ రెండూ తొందరపాటే.

ఎందుకంటే ఈ గేమ్‌లో భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే ఉండదు. విమానం ఎగిరే తీరు, కాక్‌పిట్ స్క్రీన్లు, చుట్టూ తిరిగే ట్రాఫిక్, కింద కనిపించే ఊళ్లు... వీటి లెక్కల్లో చాలా భాగం ప్రాసెసర్‌దే. అందులోనూ ‘మెయిన్ థ్రెడ్’ అనే ఒక్క వరుస మీదే ఎక్కువ బరువు పడుతుంది. పెద్ద ఎయిర్‌పోర్టు దగ్గరకు రాగానే ఆ వరుస నిండిపోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నా ఖాళీగా ఎదురుచూడాల్సిందే.

కాబట్టి ముందు రోగం ఏమిటో తేల్చుకోండి. సెట్టింగ్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన వచ్చే మెనూలో ఎఫ్‌పీఎస్ చూపించే ఆప్షన్ పెట్టుకుంటే, గేమ్‌ను వెనక్కి లాగుతున్నది మెయిన్ థ్రెడ్డా, జీపీయూనా అన్నది అదే చెప్పేస్తుంది. ఇంకో తేలిక పరీక్ష కూడా ఉంది. రెండర్ స్కేలింగ్ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే భారం జీపీయూ మీద ఉన్నట్టు. పెద్దగా మారలేదంటే ప్రాసెసర్ మీద ఉన్నట్టు. పరీక్షించేటప్పుడు అదే ఎయిర్‌పోర్టు, అదే విమానం, అదే వాతావరణం ఉండాలి. లైవ్ వెదర్ ఆపేయండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి.

ప్రాసెసర్ దగ్గర చిక్కు ఉంటే టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్, ఆబ్జెక్ట్ లెవెల్ ఆఫ్ డీటెయిల్, ట్రాఫిక్, గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్ తగ్గించండి. మేఘాలు, నీడల జోలికి వెళ్లక్కర్లేదు, వాటి అందం వదులుకున్నా మీకు కలిసొచ్చేది తక్కువే. జీపీయూ దగ్గర ఉంటే మాత్రం మేఘాలు, నీడలు, రెండర్ స్కేలింగ్ తగ్గించాలి. డీఎల్ఎస్ఎస్ కూడా ఇక్కడే పనికొస్తుంది, అయితే కాక్‌పిట్ స్క్రీన్లలో అంకెలు కాస్త మసకబారవచ్చు. వీడియో మెమరీ నిండిపోయి గేమ్ ఆగుతుంటే టెక్స్‌చర్ రిజల్యూషన్ ఒక మెట్టు దించండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఆడండి.

ఇక అసలు విషయం. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 60 ఎఫ్‌పీఎస్ కోసం తాపత్రయపడటం అనవసరం. ఇది షూటింగ్ గేమ్ కాదు. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 30 దగ్గర లాక్ చేస్తే ప్రతి ఫ్రేమ్ సరిగ్గా రెండు రిఫ్రెష్‌ల పాటు నిలుస్తుంది, కదలిక సాఫీగా ఉంటుంది. అదే మానిటర్ మీద 40 వస్తే ఒక ఫ్రేమ్ ఒక రిఫ్రెష్, తర్వాతిది రెండు. అంకె పెద్దదే, కంటికి మాత్రం కుదుపే. 120 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్నవాళ్లకు 40 కూడా చక్కగా సరిపోతుంది. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే అంకె పెరుగుతుంది కానీ, జాయ్‌స్టిక్ కదిపినప్పుడు విమానం స్పందించే వేగం పెరగదు.

2024లో వచ్చిన వెర్షన్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అది చాలా డేటాను ఆడుతున్నప్పుడే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ నెమ్మదిగా ఉంటే నేల, భవనాలు ఆలస్యంగా తేరుకుంటాయి. దానికి గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌ను తిట్టి లాభం లేదు.

ఇవన్నీ చేశాక కూడా జీపీయూనే అడ్డం అని తేలితే నిరభ్యంతరంగా కొత్త కార్డు కొనండి. మెయిన్ థ్రెడ్ అని చూపిస్తుంటే మాత్రం ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని, టెర్రైన్ స్లైడర్ కాస్త వెనక్కి జరిపి, ల్యాండింగ్ ఇంకోసారి ప్రయత్నించండి.