గుంపులోని మనిషికీ పేరుంటుంది

సంతలోనో, తిరునాళ్లలోనో ఫొటో తీస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. వెయ్యిమందిలో ఒకరు ఎవరికి గుర్తుంటారు? ఆ వెయ్యిమందిలోంచి ఒక్క ముఖాన్ని ఏరి ఊరందరికీ చూపినప్పుడు మాత్రం సంగతి వేరు.

మనిషి కనిపించిన తొలి ఫొటోగా చెప్పుకునేది వీధి ఫొటోయే. 1838లో పారిస్ నగరంలో డాగేర్ అనే ఆయన పై అంతస్తు కిటికీలోంచి తీశాడు. అది రద్దీ వీధి. అయినా బొమ్మలో బళ్లూ లేవు, జనమూ లేరు. ఆ రోజుల్లో బొమ్మ పడడానికి నిమిషాల తరబడి పట్టేది. కదిలేవారి జాడ పలకపై నిలిచేది కాదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒకాయన మాత్రం మిగిలాడు. ఆయన పేరు నేటికీ తెలియదు. అందువల్ల ఎవరికీ నష్టం లేదు.

నష్టం జరిగిన కథ అమెరికాది. 1936లో కాలిఫోర్నియా రాష్ట్రం నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల శిబిరంలో ప్రభుత్వ ఫొటోగ్రాఫరు డొరోథియా లాంగ్ పిల్లలతో ఉన్న ఒక తల్లిని ఫొటో తీసింది. పేరు అడగలేదు. ఆ నలుపు తెలుపు బొమ్మ పత్రికల్లో పడ్డాక శిబిరానికి ప్రభుత్వం ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కడినుంచి వెళ్లిపోయింది. బొమ్మ లోకమంతా తిరిగింది. ఆ తల్లి ఫ్లారెన్స్ థాంప్సన్ అని బయటపడింది 1978లో. తనకు పైసా దక్కలేదని, పేరైనా అడగలేదని ఆమె బాధపడింది.

అలాగని ఫొటోలే వద్దనడం సరికాదు. ఆ బొమ్మ వల్ల ఆకలితో ఉన్నవారికి తిండి అందింది. కరువైనా, వరదైనా లోకానికి తెలియాలంటే ఒక ముఖం కావాలి. రంగుల్లేని బొమ్మలో చీర రంగూ, గోడ రంగూ పోయి ముఖంలోని ముడతలే కనిపిస్తాయి. అందుకే అది మనసును తాకుతుంది. ఆ ముడతలు పడ్డ మనిషికి మాత్రం అందులో వాటా ఉండదు.

నేడు జేబు జేబుకూ కెమెరా ఫోను ఉంది. రేషను వరుసలోని అవ్వను, ఆసుపత్రి అరుగు మీది తాతను అడగకుండా తీసి ఊరూరా పంపడం మామూలైంది. ఫొటో దిగితేనే దుప్పటి ఇచ్చే దాతలూ ఉన్నారు.

తిరునాళ్ల గుంపును తీసేటప్పుడు అందరినీ అడగడం కుదరదు. ఒక్కరినే తీసేటప్పుడు అడగాలి. పేరు రాసుకోవాలి. వద్దంటే మానుకోవాలి. అచ్చయితే ఒక ప్రతి వారింటికి చేర్చాలి. పేరు అడగడానికి అరనిమిషం చాలు. ఫ్లారెన్స్ విషయంలో 42 ఏళ్లు పట్టింది.