నో క్లెయిమ్ కాగితం

పోయిన వారం కొల్లేరు సొసైటీ చెరువుల గురించి రాశాను. కాగితం మీద పేరు మనవాళ్లది, పట్టుబడి డబ్బు లీజుదారుడిది. 2006లో ప్రభుత్వం గట్లు తెగ్గొట్టినప్పుడు పోయింది మాత్రం పేరున్నవాడికే. అది చదివి ఏలూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, చెరువులొక్కటేనా? కట్టుబడి పనుల్లో కూడా ఇదే కదా." నిజమే. ఇన్నాళ్లూ ఆ సంగతి రాయకపోవడానికి కారణం ఉంది. అందులో నా తప్పు కూడా ఉంది.

2021లో మా పిన్ని కొడుకు తాడేపల్లిగూడెంలో ఒక అపార్ట్‌మెంట్ మూడో స్లాబుకి సెంట్రింగ్ కొడుతూ పరంజా విరిగి పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. ముప్పై ఏళ్లు. రోజుకి ఏడొందల కూలీ. రెండో రోజు పెద్దమనుషులు కూర్చున్నారు. బిల్డర్ తరఫున మేస్త్రి లక్షన్నర తెచ్చాడు. స్టాంపు కాగితం మీద "ఇకమీదట మాకు ఎటువంటి క్లెయిమ్ లేదు" అని ముందే రాసుకొచ్చారు. మరదలు నా వైపు చూసింది. "పెట్టమ్మా, కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతాం" అన్నాను. ఆ మాట అన్నది ఎవరో కాదు, పాతికేళ్లుగా అంబేడ్కర్ జయంతి సభల్లో మైకు పట్టుకుంటున్న నేను.

నిరుడు ఏలూరు కోర్టు దగ్గర ఒక అమ్మాయి పరిచయమైంది. మన ఎస్సీ హాస్టల్లో చదివి లా చేసింది. విజయవాడలో కాంట్రాక్టర్ల కేసులు చూసే సీనియర్ దగ్గర కొన్నేళ్లు జూనియర్‌గా చేసి సొంతంగా బోర్డు పెట్టుకుంది. పెద్ద కులాల కాంట్రాక్టర్లకి ఫైళ్లు మోసిందని మనవాళ్లే కొందరు ఆమెని ఎద్దేవా చేస్తారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ఆమె చేసే పనిని కాసేపు కూర్చుని చూస్తే తెలుస్తుంది. నిర్మాణ వివాదాలు చూసే లాయరు కోర్టులో గొంతు చించుకునేది తక్కువ. ఎం-బుక్ ముందేసుకుని కొలతలు సరిచూస్తుంది. సైటు అప్పగించడంలో డిపార్ట్‌మెంటు ఎన్ని రోజులు ఆలస్యం చేసింది, ఆ రోజుల్లో కాంట్రాక్టర్ ఉత్తరం రాశాడా, దాని మీద ఆఫీసు ముద్ర పడిందా అని చూస్తుంది. ఒప్పుకున్న బిల్లే ఆపేస్తే హైకోర్టులో రిట్. కొలతల దగ్గరే గొడవైతే రిట్ నిలబడదు, దావా వేయాలి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉంటే దారి వేరు. నిర్మాణ కాంట్రాక్టుల తగాదాలు 2015 కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తాయి, విలువ మూడు లక్షలు దాటితే చాలు.

అన్నిటికన్నా ముందు ఆమె వెతికేది ఒక కాగితం. ఫైనల్ బిల్లు ఇచ్చేటప్పుడు "ఇంకే క్లెయిమూ లేదు" అని కాంట్రాక్టర్ చేత సంతకం పెట్టించుకుంటారు. అప్పుల్లో ఉన్నవాడు పెట్టేస్తాడు. ఆ సంతకం బలవంతంగా తీసుకున్నదని చూపించగలిగితే తగాదా అక్కడితో ముగిసిపోదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె సీనియర్ ఈ వాదనతోనే కోట్ల రూపాయల కేసులు నడిపాడట.

అది వింటూ ఉంటే నాకు మరదలి సంతకం గుర్తొచ్చింది. చెప్పాను. ఆ అమ్మాయి కాగితం తీసుకుని లెక్క వేసింది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం చనిపోయిన కార్మికుడి నెల వేతనంలో సగాన్ని వయసుని బట్టి ఉండే అంకెతో హెచ్చవేయాలి. 2020 నుంచి వేతన పరిమితి 15,000. సగం 7,500. ముప్పై ఏళ్లకి అంకె 207.98. మొత్తం 15,59,850 రూపాయలు. మేం తీసుకున్నది లక్షన్నర.

"సంతకం పెట్టేశాం కదమ్మా" అన్నాను.

"అన్నా, చావు కేసులో పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇస్తే అది పరిహారం కిందే లెక్క కాదు. సెక్షన్ 8. మూడు నెలల జీతం వరకు అడ్వాన్సుకే మినహాయింపు."

మేస్త్రి దగ్గర పని చేశాడు కదా, బిల్డర్‌కి ఏం సంబంధం అంటారేమో అన్నాను. అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మడమే అతని వ్యాపారం కాబట్టి సెక్షన్ 12 కింద అతనూ బాధ్యుడేనంది. సొంతిల్లు కట్టుకునే ఆసామి అయితే ఆ వాదన అంత తేలిక కాదట. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే సగం దాకా జరిమానా. ఇవేవీ ఆ పంచాయితీలో కూర్చున్న మా పదిమందిలో ఒక్కరికీ తెలియదు.

ఇప్పుడు నా మాట. మన లాయర్లు అట్రాసిటీ కేసులు చూస్తారు, బెయిళ్లు చూస్తారు. చూడాలి కూడా. కారంచేడు మీద నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసిన బొజ్జా తారకం గారి వారసులం. కానీ మనవాళ్లు రోజూ చస్తున్నది స్లాబుల మీద నుంచి పడి. ఆ చావుకి కేసు ఉంటుందనే మనం అనుకోవడం లేదు. భవన కార్మికుల కోసం వసూలు చేసిన సెస్సు వేల కోట్లు ఖర్చు పెట్టకుండా ఉంచేశారని 2018లో సుప్రీంకోర్టు మండిపడితే, మన సంఘాలు దాని మీద ఎన్ని ధర్నాలు చేశాయి?

ఇంకో సంగతి. నామినేషన్ పనుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి 50 శాతం అని 2019లో చట్టం వచ్చింది. దాంతో మన కుర్రాళ్లు కాంట్రాక్టర్లయ్యారు, కొందరు నిజంగా, కొందరు ఇంకొకరి కోసం పేరుకి మాత్రమే. పేరు అద్దెకిచ్చినవాడికి చెప్పేదొకటే: బిల్లు ఆగితే, బ్యాంకు నోటీసు వస్తే, అందులో ఉండేది నీ పేరే. కొల్లేరు చెరువు కథే. నిజంగా పని చేసినవాడు మాత్రం ఎందుకు ఊరుకోవాలి? ఆగిపోయిన ఉపాధి హామీ బిల్లులు 12 శాతం వడ్డీతో చెల్లించమని 2021లో మన హైకోర్టే ఆదేశించింది. వెళ్లినవాళ్లకే ఆ వడ్డీ.

కాంట్రాక్టర్ల కేసుల్లో ఫీజు బాగా వస్తుంది. రానివ్వండి. ఆ ఫీజుతో ఆఫీసు నడిస్తేనే మరదలి లాంటివాళ్ల కేసు చేతికి డబ్బు అడక్కుండా చూడగలదు. మన పిల్లలు డబ్బున్న ప్రాక్టీసు చేస్తే ద్రోహం అన్నట్టు మాట్లాడే పెద్దలకి నాతో పేచీ ఉంటే కామెంట్లలో పెట్టండి.

పరిహారం అడగడానికి గడువు రెండేళ్లు. మాకు అది ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమంటూ దానికి అర్జీ పెట్టి, నిరుడు వేసవిలో పిటిషన్ వేశాం. నవంబర్ 21 నుంచి పాత చట్టం సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసిపోయింది, కుర్రలాయర్లు కొత్త నంబర్లు చదువుకోవాలి. మాది ఇంకా నడుస్తోంది. వాడు అసలు మా సైటులో పని చేయలేదని బిల్డర్ కౌంటర్ వేశాడు. మస్టర్ లేదు, చీటీ లేదు. ఆ అమ్మాయి మరదలిని అడిగింది, "అక్కా, ఆయన ఫోను ఉందా?" ఉంది. పిల్లాడు ఆడుకుంటున్నాడు. ప్రతి శనివారం రాత్రి మేస్త్రి నంబరు నుంచి ఫోన్‌పేలో కూలీ పడినట్టు అందులో ఉంది, పోయిన వారం వరకు. ఆ మేస్త్రిని సాక్షిగా పిలవాలి. ఇప్పుడు అతను భీమవరం వైపు పని చేస్తున్నాడని విన్నాం. తెలిసినవాళ్లు నాకు ఇన్‌బాక్స్ చేయండి.

జై భీమ్.