ఆడించేవాడి చేతికి సంకెళ్లు పడాలి
ఉద్దానం జీడితోటలో గుడ్డ పరిచి పేకాడితే పోలీసులొచ్చి ముక్కలూ డబ్బూ పట్టుకెళ్తారు. అదే ఆట ఫోన్లోకి చేరాక, ప్రకటనలతో దర్జాగా ఇంట్లోకొచ్చింది. జూదాన్ని చట్టబద్ధం చేస్తే ఖజానాకు పన్నొస్తుందనే వాదన నాకు మింగుడుపడదు. ఆ పన్ను ఎవరి కంచంలోంచి వస్తుందో ఇచ్ఛాపురంలో తాకట్టు దుకాణం గుమ్మం దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. మొన్న ఒకామె పసుపుతాడు మెడలోనే ఉంచుకుని, పుస్తెలు మాత్రం విప్పి కొంగున మూటగట్టి తెచ్చింది. జీడిగింజలు ఒలిచి ఒలిచి నల్లబడిన వేళ్లు ఆ ముడి విప్పడానికి ఎంతసేపు తడబడ్డాయో! కొడుకు ఫోన్లో ఆడి చేసిన అప్పు కోసమట. ఇది జూదం కాదనేవాళ్లు, రమ్మీలో నైపుణ్యముందని 1960ల్లోనే సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు అందని గుర్తుచేస్తారు. నిజమే కావచ్చు, కానీ ఆనాటి క్లబ్బులో నలుగురు ఎదురెదురుగా కూర్చునేవారు. ఇప్పుడు అర్ధరాత్రి ఒంటరి కుర్రాడి చేతిలో ఆట యాప్, పక్కనే అప్పు యాప్. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల వరకూ జైలు, కోటి రూపాయల వరకూ జరిమానా పెట్టింది. ఆడినవాణ్ని మాత్రం నేరస్థుడిగా చూడలేదు. తోటలో పేకాటకూ అదే న్యాయం కావాలి. ముక్కలు పట్టుకున్న కూలివాణ్ని ఇంటికి పంపి, ప్రతి పందెం మీదా కమీషన్ కోసుకునేవాణ్ని జీపెక్కించాలి.